ప్రార్థన, పక్కనే పహరా

బైబిలులో నెహెమ్యా కథ విన్నారా? పారసీక రాజుకు పానపాత్ర అందించే కొలువు ఆయనది. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని విని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. అంతటితో ఊరుకున్నాడా? లేదు. రాజును సెలవడిగాడు. దారిలోని అధికారులకు లేఖలు, కలపకు అనుమతి తీసుకున్నాడు. ఊరు చేరాక ఎవరికీ సంగతి చెప్పకుండా, రాత్రిపూట గోడలు చూసొచ్చాడు. నాకు బాగా నచ్చేది ఈ గుట్టే!

గోడ కట్టే పని సాగుతుంటే శత్రువులు దాడికి కుట్ర పన్నారు. జనం ప్రార్థన చేశారు. కాపలా కూడా పెట్టారు. అవును, రెండూ! గోడ పల్లంగా ఉన్నచోట నెహెమ్యా కుటుంబాలనే ఆయుధాలతో నిలబెట్టాడు. సొంతవాళ్లు పక్కనుంటే ఎవరు పారిపోతారు? ఆయన మనుషుల్లో సగం మంది పనిలో, సగం మంది పహరాలో. బూర ఊదేవాడు ఆయన పక్కనే. దేవుడు మన పక్షాన పోరాడతాడని చెబుతూనే ఇన్ని ఏర్పాట్లు చేశాడు. గోడ 52 రోజుల్లో పూర్తయింది.