నొప్పిని దాచడం ఓర్పు కాదు

(ఆకివీడులో మన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మా తప్పుతోనే మొదలుపెడతాం. 2022 కానిస్టేబుల్ ప్రకటనకు మన ఎరుకల, యానాది పేటల పిల్లలు కొందరు దరఖాస్తు చేశారు. ప్రిలిమ్స్ 2023 జనవరిలో అయింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో గాని మొదలు కాలేదు. దాదాపు రెండేళ్లు! ఈలోపు చెరువుల కాపలాకు, చేపల పట్టుబడికి వెళ్లిపోయినవాళ్లు తేదీలు రాగానే ఒక్కసారిగా పరుగు అందుకున్నారు. 1600 మీటర్లు మగపిల్లలు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి కదా.

తెల్లవారకముందే సిమెంటు రోడ్డు మీద, అరిగిన బూట్లతో రోజూ పరుగే. పది రోజులకు ఒక తమ్ముడికి మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి వచ్చింది. "ఓర్చుకోరా, మనకి ఓర్పే ఆస్తి" అన్నది మేమే. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పరీక్ష రోజు నొప్పి మాత్ర మింగి దిగాడు. మూడో రౌండులో కూలబడ్డాడు. ఎక్స్‌రేలో ఎముకకు సన్నటి పగులు కనిపించింది.

ఆ రోజుల్లోనే ఒక చెల్లెలికి చెరువు గట్టు మీద, ఎండిన నల్లమట్టి గుంటలో కాలు పడి చీలమండ బెణికింది. పరీక్షకు 12 రోజులే ఉంది. ఆమె ఆ సాయంత్రమే వచ్చి చెప్పింది.

ముందు చూసింది ఒకటే: నాలుగు అడుగులు వేయగలదా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ఉందా? అడుగు వేయలేకపోయినా, ఎముక మీదే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పదు. ఆమె నడవగలిగింది, వాపు కొద్దిగానే ఉంది. ఐసుకి ఆకివీడులో కొదవేముంది! చేపల ప్యాకింగ్ దగ్గర తెచ్చి, గుడ్డలో చుట్టి, 15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాం. ఐసు నేరుగా చర్మం మీద పెడితే కమిలిపోతుంది. సాగే కట్టు కట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచాం. మొదటి రెండు రోజులు కాపడం పెట్టొద్దని, గట్టిగా మర్దన చేయొద్దని వాళ్ల అమ్మమ్మను బతిమాలి ఆపాం.

తర్వాత పాదాన్ని మెల్లగా ఆడించడం, నడక, సైకిలు. వారం పది రోజుల విశ్రాంతికి నెలల సాధన ఎక్కడికీ పోదు. నొప్పి లేకుండా అరగంట నడిచి, ఆ కాలి మీద పదిసార్లు గెంతగలిగాకే మెల్లగా పరుగు. కుంటుతూ పరుగెత్తితే రెండో కాలు కూడా పోతుంది. ఆమె 10 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేసింది.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2025 మేలో ఆసియా పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారం గెలిచింది. జూలైలో సాధన చేస్తుండగా మోకాలు దెబ్బతింది. సెప్టెంబరులో జరిగిన టోక్యో ప్రపంచ పోటీలకు దిగలేదు. అంతటి ఆమే ఆగింది. మనం ఆగితే తలవంపా?

ఒక చోటే వేలు పెట్టి చూపగలిగే నొప్పి, రాత్రి పడుకున్నా పోని నొప్పి ఉంటే ఆగండి, డాక్టరుకు చూపించండి. మాత్ర మింగి పరుగెత్తకండి. అది నొప్పిని కప్పుతుంది గాని పగులును అతకదు. తేదీ వచ్చేదాకా ఆగకుండా ఇప్పటి నుంచే కొద్దికొద్దిగా పరుగు పెంచుకోండి. వీలైతే మట్టి మీద పరుగెత్తండి, గట్టు మీదైతే వెలుతురు వచ్చాకే.

మన తాతలు ఓర్చుకున్నారు. చెప్పుకోవడానికి వాళ్లకు ఎవరూ లేక ఓర్చుకున్నారు. మీకు మేమున్నాం. నొప్పి అని వచ్చినవాళ్లను "ఓర్చుకో" అని పంపేయం. ఆ తమ్ముడికి మేము బాకీ ఉన్న మాట ఇది. అతను మళ్లీ నడక మొదలుపెట్టాడు. వచ్చే ప్రకటనకు అతని పక్కన మేమూ నడుస్తాం.

సెలవు.