ఒక్క గిన్నెలో రాత్రి వంట



రాత్రి అందరూ భోంచేసి లేచాక మనం కంచం ముందు కూర్చుంటాం. మెతుకులు చల్లారిపోయి ఉంటాయి. తిన్నాక, ఎదురుగా గుట్టెడు అంట్లు! వారానికి రెండు రాత్రులైనా ఈ శ్రమ తప్పించుకోవాలంటే మన పాతకాలపు పులగం చాలు.

గ్లాసు బియ్యం, అర గ్లాసు పొట్టు పెసరపప్పు కడిగి అరగంట నానబెట్టండి. కుక్కర్లోనే చెంచాడు నెయ్యి వేసి జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు వేయించండి. బియ్యం, పప్పు, తగినంత ఉప్పు వేసి, నాలుగు గ్లాసుల నీళ్లు పోసి మూత పెట్టండి. మూడు విజిల్స్ వస్తే దింపేయడమే.

ఈలోగా పచ్చిపులుసు కలుపుకోండి. నిమ్మకాయంత చింతపండు పిసికిన నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్కలు, ఉప్పు, కాస్త బెల్లం. పొయ్యితో పనే లేదు.

"కూర లేదా?" అని ఇంట్లో అడుగుతారు. అడగనివ్వండి. బియ్యంలోని మాంసకృత్తులలో లైసిన్ తక్కువ. పెసరపప్పులో అది పుష్కలం. రెండూ కలిస్తే ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది. కనుక ఇది అరకొర భోజనం కాదు.

వడ్డన కాగానే కుక్కర్లో నీళ్లు పోసి ఉంచండి. మెతుకులు ఎండిపోవు, తోమడం సులువు.

ఇంతా చేసి, మిగిలిన వేళను ఇంకో పిండివంటకు పెట్టకండి సుమా! అందరితోపాటు మీ కంచమూ పెట్టుకుని, పులగం పొగలు కక్కుతుండగానే తినండి. సెలవు.