శాసనములో ఒక్క మాట: సాలీ గ్రాస్ కృషి

ఒక యింట శిశువు జన్మించెనని వినగానే మనమడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: ఆడపిల్లయా, మగపిల్లవాడా? తల్లి క్షేమమును గూర్చియు అనేకులు ఆ పిదపనే అడుగుదురు. మంత్రసాని గాని వైద్యుడు గాని ఒక్క మాటలో బదులు చెప్పును. ఆ మాట జనన పట్టీకెక్కును. పేరు, బడి, ఉద్యోగము, వివాహము, విదేశయానమున కనుమతి పత్రము, అన్నియు దానిని బట్టియే నడచును. కాని కొన్ని పుట్టుకలయందు ఆ ఒక్క మాట చెప్పుట వైద్యునకు సాధ్యము కాదు. అట్టి శిశువుగా జన్మించి, తనవంటివారి కొఱకు ఒక దేశపు శాసనములో ఒక్క మాటను చేర్పించిన దక్షిణాఫ్రికా వనిత సాలీ గ్రాస్‌ను గూర్చి నేడు మీకు చెప్పదలచితిని.

ముందుగా విషయమును కొంత తెలిసికొందము. ఇట్టి దేహముతో పుట్టినవారిని ఆంగ్లమున ఇంటర్‌సెక్స్ వ్యక్తులందురు. మన భాషలో వీరికున్న పాత మాటలు చాలవఱకు తిట్లుగా మారినవి గనుక నేనును ఆ పదమునే వాడెదను. వీరును హిజ్రాలును ఒక్కటే యని పలువురు తలంతురు. అది పొరపాటు. హిజ్రా యనునది ఒక సంఘమును, జీవనపద్ధతిని తెలుపు మాట. ఇంటర్‌సెక్స్ అనునది పుట్టుకతో వచ్చిన దేహనిర్మాణమును తెలుపు మాట. ఇంటర్‌సెక్స్‌గా పుట్టినవారిలో అనేకులు స్త్రీలుగానో పురుషులుగానో మన నడుమనే జీవించుచున్నారు.

గర్భములో మొదటి ఆఱు వారములు ఆడుశిశువునకును మగశిశువునకును అవయవములలో భేదము కానరాదు. ఉభయులకును మూలమొక్కటే. ఆ పిమ్మట క్రోమోజోములలోని జన్యువులును, గ్రంథులు స్రవించు హార్మోనులును ఆ మూలమును ఈ వైపునకో ఆ వైపునకో మలచును. ఈ క్రమములో ఎన్నో మెట్లు కలవు. ఏ మెట్టుకడనైనను దారి కొంచెము మాఱవచ్చును. ఒక బిడ్డకు క్రోమోజోములు మగవానివి. పురుష హార్మోనును పుట్టును. కాని దేహకణములు దానిని గ్రహింపవు. ఆ బిడ్డ ఆడపిల్లగానే పుట్టి పెరుగును. ఈడు వచ్చినను రజస్వల కానప్పుడు గాని సంగతి తెలియదు. వేఱొక బిడ్డకు మూత్రపిండములపైనుండు గ్రంథులు పురుష హార్మోనును మితిమీఱి స్రవించుటచే, ఆడుబిడ్డయైనను పుట్టుకనాటి చిహ్నములు సందేహముగా నుండును. ఇట్టి భేదములు పెక్కు కలవు. ఏ భేదములను లెక్కలోనికి తీసికొనవలెనను విషయమున ఏకాభిప్రాయము లేనందున ఐక్యరాజ్యసమితి ప్రచురణలు వీరి సంఖ్యను నూటికి 0.05 మొదలు 1.7 వఱకు అని చెప్పినవి. తక్కువ లెక్కనే గైకొన్నను రెండువేలమందిలో ఒకరు అగుచున్నారు.

ఈ దేహభేదములలో చాలవఱకు ప్రాణమునకు హాని లేదు. నేను చెప్పిన రెండవ స్థితిలో మాత్రము కొందఱు శిశువులకు దేహమునందలి ఉప్పు నష్టమై కొలది వారములలో ప్రాణాపాయము కలుగును. వారికి వెంటనే మందు ఇయ్యవలెను. ఆ మందే ప్రాణమును నిలుపును. అవయవముల రూపును మార్చు శస్త్రచికిత్స కాదు. ఈ రెంటికిని గల భేదమును మఱువరాదు. 1950 తరువాతి దశాబ్దమున అమెరికాలోని బాల్టిమోరు నగరపు వైద్యశాలలో ఒక సిద్ధాంతము వెలసెను. బిడ్డ మనస్సు పెంపకమును బట్టి యేర్పడునని, కావున పసితనముననే దేహమును ఏదో యొక రూపునకు దిద్ది, సంగతిని మఱుగుపఱచి పెంచిన చాలునని దాని సారము. అది లోకమంతట వ్యాపించెను. మాటలురాని పసిపిల్లలను కత్తికి అప్పగించిరి. కొందఱికి మచ్చలు మిగిలినవి. కొందఱికి స్పర్శజ్ఞానము పోయినది. బీజగ్రంథులను తీసివేయబడినవారు సంతానయోగ్యతను గోలుపోయి జీవితాంతము హార్మోను మందులపై ఆధారపడవలసివచ్చెను. తమకు జరిగినదేమో తమకే తెలియకుండ పెరిగినవారెందఱో కలరు.

ఇక సాలీ గ్రాస్ కథకు వత్తము. ఆమె 1953వ సంవత్సరమున కేప్‌టౌను నగర ప్రాంతమున ఒక యూదు కుటుంబమునందు జన్మించెను. చిహ్నములు స్పష్టముగా లేకున్నను మగబిడ్డయని వ్రాసి మగపేరు పెట్టిరి. ఆమె పుట్టుటకు మూడేండ్లకు ముందు, 1950లో, ఆ దేశ ప్రభుత్వము జనులనందఱను జాతులవారీగా పట్టీకెక్కించు శాసనమును చేసియుండెను. తెల్లవారు, నల్లవారు, మిశ్రజాతివారు అని గడులు గీచిరి. భారతీయులకును ఒక గడి కేటాయింపబడెను. 1860 మొదలు చెన్నపట్టణపు రేవునుండి ఓడలెక్కి నేటాలు చెఱకుతోటలకు కూలికిపోయిన మన తెలుగువారి మనుమలును మునిమనుమలును ఆ గడిలోనే వ్రాయబడిరి. ఎవడే గడికి చెందునో తెలియనిచోట తలవెండ్రుకలలో పెన్సిలు గ్రుచ్చి, అది జాఱి పడునో నిలుచునో చూచి నిర్ణయించుటయు కలదు. ఒకే తల్లి బిడ్డలు వేర్వేఱు గడులలో పడి విడిపోయిరి. ఆ శాసనము 1991 వఱకు అమలులో నుండెను.

యౌవనముననే సాలీ ఈ అన్యాయమునకు ఎదురు తిరిగెను. క్రైస్తవమతమును స్వీకరించి, 1977లో దేశమును విడిచి ప్రవాసియై, తుదకు ఇంగ్లండు చేరి ఆక్స్‌ఫర్డునందు డొమినికను మఠమున ప్రవేశించెను. 1987లో పురోహితదీక్షను పొంది అచ్చట నీతిశాస్త్రమును బోధించెను. ఆ సంవత్సరముననే సెనెగలు దేశపు డకారు నగరమున, తెల్లజాతి ప్రముఖులును ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు ప్రతినిధులును చర్చలకు కూడినప్పుడు, కాంగ్రెసు పక్షమున వెళ్లినవారిలో ఆమెయు నొకతె.

నలువదవ యేటికి సమీపించుచున్న కాలమున, చిరకాలముగా తన దేహమును గూర్చి తన్ను బాధించుచున్న సందేహములకు ఆమె వైద్యుల సాయమున సమాధానము వెదకెను. తాను ఇంటర్‌సెక్స్‌నని తెలిసికొని స్త్రీగా జీవింప నిశ్చయించుకొనెను. పురుషులకు మాత్రమే గల పురోహిత పదవి ఆమెనుండి తొలగింపబడెను. మఠమే ఇల్లుగా, బోధనయే వృత్తిగా బ్రతికిన మనిషికి ఒక్కమాఱుగా రెండును లేకపోయెను. అంతకన్న కఠినమైన మాటను కొందఱు విశ్వాసుల నోట ఆమె వినవలసివచ్చెను. దేవుడు మానవులను స్త్రీపురుషులుగానే సృజించెననియు, ఈమె ఏదియు కానందున నిజమునకు మనిషియే కాదనియు, అందుచే ఈమె పొందిన జ్ఞానస్నానమే చెల్లదనియు వారు వాదించిరి. 1999లో ప్రకటించిన ఒక వ్యాసమున ఆమె శాస్త్రపద్ధతినే దీనికి బదులిచ్చెను. మొదటి మానవుడు స్త్రీపురుషరూపములు రెండును గలవాడై యుండెనని పూర్వపు యూదు వ్యాఖ్యాతలు చెప్పియుండిరని అందు చూపెను. అర్ధనారీశ్వరునకు మ్రొక్కు మనకు ఈ వాదము వింత గాదు. కాని గుడిలో మ్రొక్కిన రూపము తన యింటి తొట్టిలో కనబడినప్పుడు మనమేమి చేయుదుమన్నదే అసలు ప్రశ్న.

వర్ణవివక్ష అంతరించిన పిమ్మట సాలీ స్వదేశమునకు మరలెను. పూర్వ ప్రభుత్వము జాతిని బట్టి లాగికొనిన భూములను తిరిగి ఇప్పించు సంఘమునందు ఉద్యోగము చేయుచు, దక్షిణాఫ్రికా ఇంటర్‌సెక్స్ సంఘమును స్థాపించెను. జాతుల పట్టీ అప్పటికి రద్దయినది. ఆమె కండ్లయెదుట మిగిలినది వేఱొక పట్టీ; అందున్న గడులు రెండే.

2000వ సంవత్సరమున ఆ దేశపు చట్టసభ సమానత్వ శాసనము నొకదానిని చేసెను. జాతి, మతము, లింగము మొదలగు కారణములచే ఎవరిని గూర్చియు అన్యాయముగా భేదము చూపరాదని అందు విధించిరి. వినుటకు లోపములేని మాట. కాని లింగమనగా స్త్రీ లేక పురుషుడు అనియే అధికారి అర్థము చెప్పినచో, ఆ రెండు గడులకును వెలుపల నున్నదని త్రోసివేయబడిన మనిషికి ఆ రక్షణ ఎట్లు దక్కును? స్త్రీవి గనుక భేదము చూపితిమని గాని, పురుషుడవు గనుక చూపితిమని గాని వారనలేదు. కడుపు నిండుగా అన్నము వండి, తినవలసినవాని పేరు పంక్తిలో వ్రాయకున్నట్లే ఇదియు. సాలీ దీనిని గ్రహించెను. కొత్త శాసనమును కోరలేదు. ఉన్న శాసనపు నిర్వచనములలో ఒక్క మాటను చేర్చుడని అడిగెను.

2005 నాటి సవరణ శాసనముచే ఆ మాట చేరెను. లింగమను పదములో ఇంటర్‌సెక్స్‌యు చేరియున్నదని అందు వ్రాసిరి. పుట్టుకతో వచ్చినదై, సామాన్యరీతికి ఎంత కొంచెముగానైనను భిన్నమైన లింగభేదమే ఇంటర్‌సెక్స్ అని అర్థమును చెప్పిరి. ఎంత కొంచెముగానైనను అనుటలో గొప్ప మేలున్నది. రక్షణ కోరి వచ్చిన మనిషిని నిలువబెట్టి, నీవెంతవఱకు భిన్నమని కొలుచుటకు అధికారికి అవకాశము లేకుండ పోయెను. వెనుకటి పెన్సిలు పరీక్షను ఎఱిగిన దేశమునకు ఈ జాగ్రత్త యొక్క విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక దేశపు శాసనములో ఇంటర్‌సెక్స్‌వారికి ఇట్లు పేరు పెట్టి రక్షణ నిచ్చుట లోకమున ఇదియే మొదటిదని తెలిసినవారు చెప్పుదురు. దీనికి ముందు, 2003లో, జనన పట్టీలోని లింగమును మార్చుకొనుటకు వీలు కల్పించిన శాసనపు రచనలోను ఆమె తోడ్పడెను. ఇంటర్‌సెక్స్ వ్యక్తి తన్ను కోసికొననక్కఱలేకయే, రెండేండ్లు ఎడతెగక ఆ విధముగా జీవించుచున్నట్లు తగినవారిచే వ్రాయించి తెచ్చి, పట్టీని దిద్దించుకొను మార్గము అందు ఏర్పడెను. మనిషి దేహమును పట్టీకి తగినట్లు కోయుటకు మాఱుగా, పట్టీనే మనిషికి తగినట్లు దిద్దుట ఇందలి న్యాయము.

ఇంతమాత్రముచే అంతయు చక్కబడెనని చెప్పజాలను. 2005 నాటి సవరణ పసిపిల్లల శస్త్రచికిత్సను నిషేధింపలేదు. సాలీ తుది దినములు అనారోగ్యముతోను, ధనము లేమితోను గడచినవి. 2014 ఫిబ్రవరి 14వ తేదీన ఆమె కేప్‌టౌనులో కన్నుమూసెను. అప్పటికి ఆమె వయస్సు అరువది.

ఆమె పోయిన మఱుసటి యేడు, 2015లో, యూరపులోని మాల్టా యను చిన్న ద్వీపరాజ్యము, సమ్మతి తెలుపజాలని పిల్లలకు అత్యవసరము గాని ఇట్టి శస్త్రచికిత్సలు చేయరాదని శాసించెను. 2019 ఏప్రిలు నెలలో మన పొరుగునున్న మదురైలో, మదరాసు హైకోర్టు ధర్మాసనము వేఱొక వివాహ వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, పసిపిల్లలకు ఇట్టి చికిత్సలు నిలుపుడని తమిళనాడు ప్రభుత్వము నాదేశించెను. ఇంటర్‌సెక్స్‌గా జన్మించి ఈ హక్కుల కొఱకు పాటుపడుచున్న మదురై వాసి గోపీ శంకర్ కృషి తమ కన్నులు తెఱపించెనని న్యాయమూర్తి ఆ తీర్పునందే పేర్కొనిరి. ఆగస్టు నెలలో, ప్రాణాపాయ సందర్భములను మాత్రము మినహాయించి, ప్రభుత్వము నిషేధపుటుత్తరువును వెలువరించెను. 2024 ఏప్రిలు 4వ తేదీన ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి ఇంటర్‌సెక్స్ వ్యక్తుల హక్కులను గూర్చి తన మొదటి తీర్మానము నంగీకరించెను. అనుకూలముగా 24 వోట్లు వచ్చినవి, 23 దేశములు తటస్థముగ నుండెను, వ్యతిరేకించినవారు లేరు. ఆ తీర్మానమును ముందు నిలిచి నడపిన నాలుగు దేశములలో దక్షిణాఫ్రికా యొకటి. సాలీ మరణించి అప్పటికి పదియేండ్లు.

శాసనములు గ్రంథములలో నుండును. శిశువులు పురిటిగదులలో పుట్టుదురు. ఆ రెంటికిని నడుమ నున్నవారము మనము. సందేహముగా పుట్టిన బిడ్డను చూచి తల్లి సిగ్గుతో తల వంచుకొనునట్లు చేయునది వ్యాధి కాదు, మన మాట. ఇట్టి సమయము మీ యింట గాని మీ యెఱుకలో గాని వచ్చినచో, మొదట వైద్యుని ఒక్క ప్రశ్న అడుగుడు: బిడ్డ ప్రాణమునకు భయమున్నదా? ఉన్నదన్నచో మందు వెంటనే ఇప్పింపుడు. లేదన్నచో, కత్తికి తొందర లేదు. బిడ్డకు మంచి పేరు పెట్టుడు, పాలిచ్చి పెంచుడు, ఊహ తెలిసినకొలది నిజమును మెల్లగా చెప్పుడు. దేహము ఆ బిడ్డది. నిర్ణయమును ఆ బిడ్డకే మిగుల్పుడు.

తాను మనిషినే యని నిరూపించుకొనవలసి వచ్చిన ఒక స్త్రీ, ఇకమీద ఏ బిడ్డకును ఆ యవస్థ రాకూడదని శాసనములో ఒక్క మాటను వ్రాయించి వెళ్లెను. ఆ మాటను పురిటిగది వఱకు తీసికొనివచ్చుట మన పని.