కార్తె కదలదు, పూత కదులుతుంది

ఈ హాల్లో పట్టాలు అందుకున్నవాళ్లలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి ఉద్యోగాల సంగతి పక్కనపెట్టి పూత గురించి మాట్లాడతాను.

భూమి వేడెక్కితే పూలు ముందే పూస్తాయని చదివే ఉంటారు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూసిన రోజులకు 1200 ఏళ్ల నాటి నుంచి దాఖలాలున్నాయి. 2021లో మార్చి 26నే చెట్లు నిండుగా పూశాయి. అప్పటిదాకా ఉన్న లెక్కల్లో అంత తొందర ఎన్నడూ లేదు. అయితే అది చలిదేశపు కథ. అక్కడి చెట్టు వెచ్చదనం కోసం కాచుకుంటుంది.

మన పులివెందుల చీనీ (బత్తాయి) అలా కాదు. దానికి పూమొగ్గ పుట్టాలంటే చలైనా తగలాలి, బెట్టయినా తగలాలి. అందుకే రైతు నీళ్లు ఆపి, ఆకు వాడేదాకా తోటను బెట్టకు వదిలి, ఆపైన ఎరువేసి నీళ్లు కడతాడు. తేలిక నేలలో కొద్ది రోజులు చాలు, బరువు నేలలో ఇంకా ఆగాలి. రాత్రులు చల్లబడకపోయినా, బెట్ట నడుమ అకాల వాన పడినా పూత ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. ఒకే కొమ్మకు పువ్వూ పిందే కాయా వేలాడుతుంటే మందు ఎప్పుడు కొట్టాలి, కోత ఎప్పుడు పెట్టాలి, వ్యాపారితో బేరం ఎప్పుడు తెంచాలి? మామిడిదీ దాదాపు ఇదే బాధ.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగళ్లలో శనగ తీరు వేరు. వానలకు నేల దాచుకున్న తేమతో చలికాలం గడిపే పైరది. వెచ్చగా ఉంటే తొందరపడి పూస్తుంది. తీరా పూత, కాయ దశలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. 1999లో వచ్చిన జేజీ 11 అనే శనగ రకం సుమారు 100 రోజుల్లోనే చేతికందుతుంది. ఎండలు ముదరకముందే ఇంటికి చేరే పంట కావడం దాని బలం. వేడిని ఓర్చుకునే జేజీ 14 కూడా తర్వాత వచ్చింది.

మరి ఇక్కడ పూత ముందుకు జరిగిందో వెనక్కి జరిగిందో ఎలా తెలుస్తుంది? ఉగాదిని మాత్రం కొలబద్ద చేసుకోకండి. 2023లో అది మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న. పచ్చడికి వేపపూత దొరక్కపోతే తప్పు చంద్రుడిదే కావచ్చు! కార్తెలది సూర్యుడి లెక్క. రుతువులతో పోలిస్తే సుమారు 70 ఏళ్లకు ఒక్కరోజు జరుగుతాయి, అంతే. ఫలానా కార్తెలో పూసేదని తాత చెబితే కొట్టిపారేయకండి, ఆయన మీకు తేదీ చెబుతున్నాడు.

చీనీని సాక్ష్యానికి పిలవకండి. బోరూ డ్రిప్పూ ఉన్నచోట పూత తేదీ రైతే పెడుతున్నాడు. ఎవరూ నీళ్లు పోయని వీధి వేపను ఎంచుకోండి. మొదటి పువ్వు కనిపించిన రోజు, సగం చెట్టు పూసిన రోజు, పూత అయిపోయిన రోజు ఒక నోటుపుస్తకంలో రాయండి. దేశమంతటా మామూలు మనుషుల చేత ఇలాంటి లెక్కలు రాయిస్తున్న సీజన్‌వాచ్‌కూ పంపవచ్చు. నాలుగేళ్ల అంకెలు చూసి వాతావరణం మారిందని తేల్చేయకండి. ఒక ఏటికీ మరో ఏటికీ వానల తేడా వల్లే అంత ఊగిసలాట ఉంటుంది. మార్పు తేలాలంటే ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది.

మీలో సగం మంది బెంగళూరు, హైదరాబాదు బస్సెక్కేవాళ్లే. ఆ నోటుపుస్తకం ఇంట్లో ఎవరికి అప్పగిస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. నన్నడిగితే అమ్మకివ్వండి. వాకిట్లో రాలిన పూత ఊడ్చేది ఆమే, అందరికన్నా ముందు తెలిసేదీ ఆమెకే.