మందు అయిపోయాక పోగు సంగతి



దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆ తర్వాత వచ్చిన మందు పట్టించిన దోమతెరలు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. కానీ తెర కాపలా మంచం వరకే. పొద్దుగూకే వేళ పశువులను తోలుకొచ్చే మనిషికి, పట్టపగలే డెంగీ దోమ కుట్టే బడిపిల్లలకు అది అక్కరకు రాదు. రక్షణ వాళ్ల ఒంటి మీదే ఉండాలి.

దోమలను దరిచేరనివ్వని మందులు లేకపోలేదు: అమెరికా సైన్యం కోసం 1940ల్లో తయారైన డీట్ ఉంది, గ్వాలియర్‌లోని మన రక్షణ పరిశోధనశాల రూపొందించిన డెపా ఉంది. ఒంటికి రాసుకుంటే ఆవిరై, చెమటకు కారి, కొన్ని గంటల్లో పోతాయి. ఇలాంటి మందును పోగులోనే దాచి కొద్దికొద్దిగా వదిలేలా చెయ్యాలన్నదే పాలిమర్, జౌళి సాంకేతిక శాఖల్లో ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీ ముందున్న పని.

దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా విశ్వవిద్యాలయం వారు ఈ పని చేసి చూపారు. అక్కడి మలేరియా దోమ ఎక్కువగా పాదాల దగ్గరే కుడుతుంది, కాబట్టి మేజోళ్లు ఎంచుకున్నారు. పోగు నడిమి భాగంలో డీట్, చుట్టూ పాలిథిన్ తొడుగు. మందు ఆ తొడుగును దాటుకుని మెల్లగా బయటికి వస్తుంది, ఉతికినా నెలల తరబడి పనిచేస్తుంది. నాకు ఎంతో నచ్చిన పని అది. అయితే ఆ తొడుగు నేలలో కలవదు.

కలిసిపోయే పాలిమర్‌తో చేద్దామంటే చిక్కులు మొదలవుతాయి. పాలీలాక్టిక్ ఆమ్లం సుమారు 170 డిగ్రీల దగ్గర గానీ కరగదు. ఆ వేడికి పోగు తీసేలోపే మందు కొంత ఎగిరిపోతుంది. మిగిలిన డీట్ పాలిమర్‌ను మెత్తబరుస్తుంది, మెత్తబడ్డ పోగు మందును తొందరగా వదిలేస్తుంది. పోగు సన్నబడితే మరీ కష్టం: తొడుగు లేని పోగు మందం సగమైతే, వ్యాపనం లెక్కన మందు నాలుగో వంతు కాలంలోనే ఖాళీ అవుతుంది. సూక్ష్మదర్శినిలో అందంగా కనిపించే అతిసన్నని పోగు కన్నా, మందం చూసుకుని తీసిన పోగే ఊళ్లో మనిషికి మేలు చేస్తుందని నా నమ్మకం.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. పాలీలాక్టిక్ ఆమ్లం త్వరగా కుళ్లేది దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కర్మాగారాల్లో. మామూలు నేలలో, సముద్రపు నీటిలో ఏళ్లకు ఏళ్లు అలాగే ఉంటుంది. కాబట్టి 'నేలలో కలిసిపోతుంది' అని మీ సరుకు మీద అచ్చు వేసేముందు ఎక్కడ, ఎంత వేడిలో, ఎన్నాళ్లకు అన్నది కూడా రాయండి. మందు అయిపోయిన పోగును మన చెరువు గట్టున పాతిపెట్టి, ఏడాది తర్వాత తవ్వి చూడండి. అది చెక్కుచెదరకుండా ఉంటే ఆ ఫలితాన్నీ దాచకుండా ప్రచురించండి.