తాళంచెవి ఎవరి దగ్గర?



మన కోస్తాలో వరి ఈని కోతకు వచ్చే రోజులూ, గాలివాన రోజులూ ఒక్కటే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరితోటలు నేలకూలినవి. ఈనాడు తుఫాను కబురు కొన్ని రోజుల ముందే అందుతున్నది. కాని అందిన తరువాత ఎవరేం చెయ్యాలో ఊళ్లో తేల్చుకోకపోతే ఆ కబురువల్ల ఏం లాభం, చెప్పండి?

నేను పనిచేసిన ఒక తీరగ్రామంలో రచ్చబండ దగ్గర పదిమంది మగవాళ్లం కూర్చుని పథకం వ్రాశాము. బాగానే వ్రాశామనుకొన్నాను. చదివి వినిపిస్తుంటే వెనక నిలబడ్డ ఒక ముసలమ్మ, "అంతా బాగుంది నాయనా, తుఫాను షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నది. ఒక్కరూ పలకలేదు. విచారిస్తే, తాళంచెవి ఉన్న ఆసామి కాపురం పొరుగూళ్లో! నాకు తల కొట్టేసినట్లయింది.

ఆ కాగితం చింపి, ఈసారి ఆడవాళ్లనూ, కౌలుదార్లనూ, కూలివారినీ, జాలరులనూ పిలిచి కూర్చోబెట్టాము. నడవలేని ముసలివారు, నిండు చూలాళ్లు ఏ వీధిలో ఎందరున్నారో ఆడవాళ్లే చెప్పారు. ఒక్కొక్కరి ఎదుట, సాయం పట్టి తీసుకుపోయే ఇద్దరి పేర్లు వ్రాశాము. ఒక్క పేరు చాలదు. అతడు ఆనాడు సంతకు పోయి ఉండవచ్చు. పశువుల మాట మరవకండి. గొడ్లను వదలలేకనే చాలామంది ఇల్లు కదలరు. పలుపులు విప్పి మెరకకు తోలేదెవరో ముందే అనుకోవాలి.

మురుగుకాలువ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. గుర్రపుడెక్క పేరుకొన్నది కింది ఊరి హద్దులో. మునిగేది పై ఊరి చేలు. ఇరు ఊళ్ల పెద్దలను కూర్చోబెట్టి, చెరి సగం కూలి పెట్టుకొనేటట్టు ఒప్పించేసరికి మూడు వారాలు పట్టింది. ఆ పని వానలకు ముందే కావాలి సుమా.

ఊరుమ్మడిగా ఉప్పు బస్తాలు కూడా కొని ఉంచుకోండి. కోసిన పనలు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లండి. గింజ మొలకెత్తడం తగ్గుతుంది.

మీ ఊళ్లోనూ ఇటువంటి పథకం ఎక్కడో బీరువాలో ఉండే ఉంటుంది. రేపు ఒకసారి తీయించి చదవండి. తాళంచెవి ఎదుట ఎవరి పేరున్నదో, ఆయన ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారో లేదో కనుక్కోండి.