మెదడు, సంకల్పం, జవాబుదారీ

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై దరూద్ పఠించి ఆరంభిస్తున్నాము.

మన జమాఅత్ యువకులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఆలోచనంతా మెదడులోని నాడీకణాల పనియే అయితే, మన ఇష్టమనేది ఎక్కడున్నది? అది లేనప్పుడు ప్రళయదినాన లెక్క ఎలా అడుగుతారు? ఇది గద్దించి నోరు మూయించదగిన ప్రశ్న కాదు.

1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్ అనే శాస్త్రవేత్త, మణికట్టు కదల్చమని కొందరిని కోరి వారి మెదడులోని విద్యుత్తు మార్పులను కొలిచిన ఫలితాలు ప్రకటించారు. కదల్చాలని మనిషికి తోచడానికి సుమారు మూడవ వంతు సెకను ముందే మెదడులో సన్నాహం మొదలైనది. ఎంచుకోవడం భ్రమేనని కొందరు తీర్పు చెప్పేశారు. లిబెట్ మాత్రం అలా అనలేదు. తోచిన తరువాత, చేయి కదిలేలోపు, ఆగిపోయే వీలు మనిషికి ఉన్నదన్నారు. 2012లో షర్గర్ బృందం ఆ సన్నాహాన్ని మెదడులో సహజంగా లేచిపడే అలజడిగా కూడా వివరించవచ్చని చూపినది.

అయినా, మణికట్టు ఆడించడంలో పాపమేమున్నది, పుణ్యమేమున్నది? మన ఊరివారికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. 1993 మార్చి 8న, హైదరాబాదు నుంచి చిలకలూరిపేటకు వస్తున్న బస్సును దోచుకోబూనిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించగా 23 మంది ఆహుతయ్యారు. దోపిడీయే వారి ఉద్దేశమని, చంపడం కాదని వారి పక్షాన వాదించినవారున్నారు. కాని పెట్రోలు సమకూర్చుకున్నప్పటి నుంచి అగ్గిపుల్ల గీచేవరకు ఎన్ని క్షణాలు గడిచాయి! అన్నింటా వెనుదిరిగే దారి ఉన్నది. వెనుదిరిగి ఉంటే అదీ మెదడుతోనే వెనుదిరిగేవారు. కోరిక పుట్టేదీ అక్కడే, దానికి కళ్లెం పడేదీ అక్కడే.

షరీఅత్ కూడా దీనిని విస్మరించలేదు. నిద్రించేవాడు, బాలుడు, మతి తప్పినవాడు: వీరిపై కర్మల లెక్క లేదు. కర్మను సృష్టించేవాడు అల్లాహ్ అయినా, దానిని ఆర్జించుకునేవాడు మానవుడేనని అష్అరీ పండితులు వివరించి, ఆ ఆర్జనకు కస్బ్ అని పేరు పెట్టారు. ఆ సూక్ష్మం సులువుగా అందేది కాదని మేమూ ఒప్పుకుంటాము. హజ్రత్ ఉమర్ (రజి) వర్తనలో అది తేటపడుతుంది. సిరియాలో ప్లేగు ఉన్నదని తెలిసి ఆయన దారిలోనే వెనుదిరిగారు. విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడుగగా, తాను వెళ్లేది కూడా అల్లాహ్ విధివ్రాత వైపేనన్నారు.

మిర్చికి ధర వచ్చేదాకా కోల్డు స్టోరేజీలో దాచే మనం, బేరంలో ఎన్నడూ తఖ్దీర్ పేరిట చేతులు ముడుచుకోము. తూకంలో మోసం బయటపడినప్పుడే మనకది గుర్తుకు వస్తుంది!

ఆ ఇద్దరి మరణశిక్షను రాష్ట్రపతి 1998లో యావజ్జీవ శిక్షగా మార్చారు. అది న్యాయమా కాదా అన్నది, ఆప్తులను పోగొట్టుకున్నవారి ఎదుట నిలబడి మేము తేల్చలేము. కాని పశ్చాత్తాపపడమని యంత్రాన్ని ఎవరూ అడుగరు. ఆ ఇద్దరినీ అడిగారు, మనల్నీ అడుగుతున్నారు.

ఆ మృతుల కుటుంబాలకు ఊరటను, మాకూ మీకూ తౌబా చేసే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.